ఎఫ్‌పీవీ డ్రోన్ ఆఖరి అర కిలోమీటరులో ఏఐ అసలు ఏం చేస్తోంది?

లంకతోట (ప్రశ్న):

ఉక్రెయిన్ యుద్ధం గురించి చానళ్లలో వినేదొకటి, ఫోటోల్లో కనిపించేదొకటి. "ఏఐ డ్రోన్లు వాటంతట అవే శత్రువును వెతికి కొడుతున్నాయి" అని ఒక పక్క ఊదరగొడతారు. ఇంకో పక్క అదే యుద్ధంలో పదేసి, ఇరవయ్యేసి కిలోమీటర్ల ఫైబర్ తీగను తోకలా వదులుకుంటూ పోయే డ్రోన్లు. పొలాల మీద సాలెగూడు అల్లినట్టు ఆ తీగలు పరుచుకున్న ఫోటోలు మీరూ చూసే ఉంటారు. యంత్రానికి అంత తెలివే ఉంటే ఈ దారం గోల దేనికి?

నాకు తేలనివి ఇవి. సిగ్నల్ పోయాక డ్రోన్‌లో ఉన్న ఏఐ సరిగ్గా ఏ పని చేస్తుంది? ఎక్కడ దెబ్బతింటుంది? గాజాలో "లావెండర్", అమెరికాలో "మేవెన్" అంటున్నవి కూడా ఇదే సరుకా, వేరా? మన దగ్గర ఏముంది? "భవిష్యత్తు భయంకరం" తరహా జవాబులు వద్దు, వాటికి యూట్యూబ్ ఉంది. లెక్కలతో చెప్పగలిగినవాళ్లు చెప్పండి.

సిగ్నల్‌కట్:

తీగా, ఏఐ ఒకే రోగానికి రెండు మందులండి. రోగం పేరు: సరిగ్గా కొట్టే క్షణంలో లింకు తెగిపోవడం.

మామూలు ఎఫ్‌పీవీ డ్రోన్‌కి (పైలట్ కళ్లజోడులో డ్రోన్ కెమెరా బొమ్మ చూస్తూ నడిపే, గురిని గుద్ది పేలే చిన్న డ్రోన్) రెండు రేడియో దారులుంటాయి. రిమోట్ నుంచి డ్రోన్‌కి వెళ్లే ఆదేశాలు ఒక దారి, ఎక్కువగా 900 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల. డ్రోన్ కెమెరా నుంచి పైలట్ కళ్లజోడుకి వచ్చే వీడియో ఇంకో దారి, ఎక్కువగా 5.8 గిగాహెర్ట్జ్ అనలాగ్. ట్యాంకు మీద జామర్ (రేడియో సిగ్నల్‌ను రొదలో ముంచే పరికరం) ఉంటే డ్రోన్ దగ్గరపడేకొద్దీ జామర్ రొద పెరుగుతుంది, వెనకాల కిలోమీటర్ల దూరంలో ఉన్న పైలట్ గొంతు సన్నగిల్లుతుంది. జామర్ లేకపోయినా బాధ తప్పదు. డ్రోన్ చెట్ల వరుస కిందికో గట్టు చాటుకో దిగగానే నేరుగా చూపు పోయి బొమ్మ చెదిరిపోతుంది. అంటే కళ్లు అత్యవసరమైన రెండు మూడు సెకన్లలోనే పైలట్ గుడ్డివాడవుతాడు.

లండన్‌లోని రక్షణ అధ్యయన సంస్థ రుసీ 2025 ఫిబ్రవరి నివేదికలో ఉక్రెయిన్ ఎఫ్‌పీవీల్లో 60 నుంచి 80 శాతం గురిని చేరడమే లేదని రాసింది. దానికి జామింగ్ ఒక్కటే కారణం కాదు, పైలట్ చెయ్యి తిరగకపోవడం, బ్యాటరీ, వాతావరణం, పేలని మందుగుండు అన్నీ కలిసి ఆ అంకె. అదే నివేదికలో ఇంకో అంకె ఉంది: దెబ్బతిన్న, ధ్వంసమైన రష్యా ఆయుధాల్లో 60–70 శాతం ఈ చిన్న డ్రోన్ల ఖాతాలోవే. ఒక్కోటి నాలుగైదు వందల డాలర్ల సరుకు కాబట్టి పదింట్లో ఏడు నేలపాలైనా గిట్టుబాటవుతోంది.

ఇక ఏఐ పని. పైలట్ మామూలుగానే నడుపుకుంటూ వెళ్తాడు. గురి కనబడగానే తెర మీద దాని చుట్టూ ఒక డబ్బా గీసి బటన్ నొక్కుతాడు, అదే "లాక్". ఆ క్షణం నుంచి డ్రోన్ మీదున్న అరచేతి కంటే చిన్న కంప్యూటర్ ప్రతి ఫ్రేములో ఆ డబ్బాలోని బొమ్మ ఎక్కడికి జరిగిందో వెతుకుతుంది. బొమ్మ ఫ్రేము మధ్యకు ఎంత ఎడంగా ఉందో లెక్కగట్టి, ఆ తేడాను మోటార్లను నడిపే ఫ్లైట్ కంట్రోలర్‌కి ఇస్తుంది. లింకు ఉన్నా పోయినా ఈ చక్రం తిరుగుతూనే ఉంటుంది, ఎందుకంటే కెమెరా, లెక్క, మోటార్లు అన్నీ డ్రోన్ మీదే ఉన్నాయి. అంతే. వెతికింది, ఎంచింది మనిషే. యంత్రం పట్టుకున్న వేలు వదలకుండా నడుస్తోంది.

ఆ మాటకొస్తే ఇది కొత్త విద్యేం కాదు. ముక్కున టీవీ కెమెరా పెట్టుకుని, వెలుగునీడల తేడాను పట్టుకుని వెళ్లే మేవరిక్ క్షిపణి 1972లోనే అమెరికా వాయుసేన చేతికొచ్చింది. మారింది ధర. ఆ విద్య నాలుగైదు వందల డాలర్ల డ్రోన్ మోయగలిగేంత చవకైంది. 2025లో ఆటెరియన్ కంపెనీ ఇలాంటి 33,000 కిట్లు ఉక్రెయిన్‌కి ఇవ్వడానికి పెంటగాన్‌తో ఒప్పందం కుదుర్చుకుంది. వేలల్లో పంచగలిగే సరుకు కావడమే ఇందులో అసలు వార్త.

ఎక్కడ చెడుతుందంటే, అన్నిటికంటే ముందు సైజు దగ్గర. దూరంగా ఉన్నప్పుడు చుక్కంత ఉన్న లారీ, పది మీటర్లకు వచ్చేసరికి ఫ్రేమునే మింగేస్తుంది. ట్రాకర్ (ఆ బొమ్మను వెంటాడే ప్రోగ్రాం) తన డబ్బాను అదే వేగంతో పెంచుకోలేకపోతే లారీని వదిలేసి దాని చక్రాన్నో నీడనో పట్టుకుంటుంది. నీడను పట్టుకుంటే నేలను గుద్దుతుంది. తర్వాత అడ్డం. మధ్యలో ఒక కొమ్మో పొగో వచ్చి అర సెకను కప్పేస్తే, తేలిపోయేసరికి డబ్బా పక్కనున్న పొద మీద ఉండొచ్చు. ట్రాకర్‌కి పొద అని తెలియదు, అదే ముదురు రంగు అని తెలుసు. సాయంత్రం పూట, మంచులో, ఆకుల వల కప్పిన బండి మీద ఇది మరీ ఎక్కువ. మూడోది చాలామంది మర్చిపోయేది: ఎఫ్‌పీవీ ముందుకు దూసుకెళ్లేటప్పుడు ముక్కు కిందికి వంచుతుంది, అందుకే కెమెరాను ముందే కాస్త పైకి వంచి బిగిస్తారు. గాలి తోసో, మలుపు కోసమో వేగం తగ్గితే ముక్కు పైకి లేచి గురి ఫ్రేము అడుగు నుంచి జారిపోతుంది. బొమ్మే లేకపోతే ఎంత తెలివైన ట్రాకరైనా చేసేదేం లేదు.

దారపుచుట్ట:

పై జవాబుకు తీగ వైపు నుంచి కాస్త.

ఫైబర్ డ్రోన్‌లో రేడియోనే లేదు, కాబట్టి జామ్ చెయ్యడానికీ ఏం లేదు. రేడియో వదలదు కాబట్టి, వచ్చే డ్రోన్ల సిగ్నల్ పసిగట్టే చేతి పరికరాలకీ దొరకదు. 2024లో కుర్స్క్ పోరులో రష్యన్లు వీటితో ఉక్రెయిన్ సరఫరా దారులను బాగా దెబ్బతీశాకే అందరి కళ్లూ ఇటు తిరిగాయి. వీడియో నేలను తాకే ఆఖరి ఫ్రేము దాకా స్పష్టంగా వస్తుంది.

మరి దీని బాధలు దీనివి. తీగ పావు మిల్లీమీటరు మందం, పది కిలోమీటర్ల చుట్ట కిలోకు అటూ ఇటూ తూగుతుంది. అంత బరువు మోయాలంటే ఫ్రేము పెద్దదవ్వాలి, లేదా మందుగుండు తగ్గించాలి. చుట్ట బొబ్బిన్‌లా నిలిచి ఉంటుంది, తీగ దానంతట అదే ఊడి వెనక పడుతుంటుంది. మలుపు గట్టిగా తిప్పినా, వెనక్కి తిరిగి తన తీగ మీదుగానే వచ్చినా ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటుంది. చెట్టుకి తగిలితే చాలావరకు పర్లేదు, లాగుతున్నది కాదు కదా, వదులుతున్నది. కానీ ముళ్ల కంచె, దారిన పోయే బండి చక్రం తెంపేస్తాయి. ఎండలో తీగ మెరుస్తుంది, ఆ మెరుపు వెంబడి వెతికి పైలట్ దాక్కున్న గోతిని పట్టుకునే అవకాశమూ ఉంది.

"తీగ ఉంటే ఏఐ ఎందుకు" అని అడగడం కంటే "ఏ దారి మీద ఏది" అని అడగాలి. రోజూ బండ్లు తిరిగే ఒకే రోడ్డు పక్కన కాపు కాయడానికి తీగ. జామర్ పెట్టుకుని పరుగెత్తే బండికి లాక్. డ్రోన్లను ఆపడానికి రోడ్ల మీద కిలోమీటర్ల కొద్దీ చేపల వలలు కట్టుకుంటున్నారు చూశారా, ఆ వలకు తీగైనా ఏఐ అయినా ఒకటే.

ఇంకోటి, లిబియాలో 2020లోనే టర్కీ కార్గూ-2 డ్రోన్ సొంతంగా మనిషిని చంపింది కదా. కాబట్టి "ఎంచింది మనిషే" అన్నది పూర్తి నిజం కాదు.

సిగ్నల్‌కట్:

దారపుచుట్ట గారూ, తీగ సంగతి ఒప్పుకుంటా. లిబియా సంగతి మాత్రం సరిచెయ్యాలి. 2021 మార్చి నాటి ఐరాస నిపుణుల నివేదికలో ఉన్నది ఏమిటంటే, కార్గూ-2 లాంటి ఆయుధాలు ఆపరేటర్‌తో డేటా లింకు లేకుండానే దాడి చేసేలా ప్రోగ్రాం చేసి ఉన్నాయని, వెనక్కి మళ్లుతున్న బలగాలను అవి వెంటాడాయని. ఫలానా మనిషి యంత్రం సొంత ఎంపిక వల్ల చనిపోయాడని అందులో లేదు. పత్రికలు "మొదటి హత్య" అని శీర్షిక పెట్టాయి, అది అలాగే తిరుగుతోంది.

లంకతోట:

చాలా స్పష్టంగా ఉంది, ఇద్దరికీ థాంక్స్. ఒక మెలిక. పైలట్ డబ్బా గీయడం సరే, ఆ పని కూడా యంత్రమే చేసే రకాలున్నాయంటున్నారుగా. అది సైన్యం లారీయా, కూరగాయల లారీయా అన్నది యంత్రానికి ఏ దూరంలో తెలుస్తుంది?

పిక్సెల్‌లెక్క:

దీనికి కాగితం, పెన్ను చాలు.

కెమెరా 120 డిగ్రీల వెడల్పు చూస్తుందనుకుందాం, ఫ్రేము 640 పిక్సెళ్లు. అంచుల దగ్గర లెన్సు వంపు వదిలేస్తే డిగ్రీకి 5.3 పిక్సెళ్లు. లారీ పొడవు 7 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు. కిలోమీటరు దూరంలో ఆ పొడవు 0.4 డిగ్రీలు, అంటే రెండు పిక్సెళ్లు. ఎత్తు ఒక్క పిక్సెల్ కూడా రాదు. 300 మీటర్లకు వస్తే పొడవు 7 పిక్సెళ్లు, ఎత్తు 3. 100 మీటర్లకు 21, 9.

అమెరికా సైన్యపు రాత్రిచూపు ప్రయోగశాలలో జాన్సన్ అనే ఆయన 1958లో కట్టిన లెక్క ఇప్పటికీ వాడుకలో ఉంది. వస్తువు చిన్న కొలత మీద సుమారు 2 పిక్సెళ్లు పడితే "అక్కడేదో ఉంది" అనొచ్చు. 8 పడితే "లారీ, ట్యాంకు కాదు" అనొచ్చు. 13 దాకా పడితే "ఫలానా రకం లారీ" అనొచ్చు. అదీ సగం సార్లే సరిగ్గా చెప్పే గీత, ఖాయంగా కాదు. మన లారీ ఎత్తు 3 మీటర్లకు ఇవి వరసగా 460, 115, 70 మీటర్ల దగ్గర వస్తాయి. డ్రోన్ గంటకు 100 కిలోమీటర్లతో వస్తోందంటే సెకనుకు 28 మీటర్లు. 70 మీటర్లంటే రెండున్నర సెకన్లు.

అంటే ఈ కెమెరాతో, లారీ రకం తెలిసే వేళకి మిగిలేది రెండున్నర సెకన్లు. పైగా రకం తెలిసింది గానీ ఎవరిదో తెలియలేదు. ఆ యుద్ధంలో ఇద్దరూ సోవియట్ కాలపు బండ్లే వాడుతున్నారు, పట్టుబడ్డ ట్యాంకులను రంగు మార్చి మళ్లీ దింపుతున్నారు. టీ-72 ట్యాంకును చూసి టీ-72 అని ఎంత గట్టిగా చెప్పినా ఏం లాభం?

మనిషి పైలట్‌కీ అవే పిక్సెళ్లు కదా అంటారేమో. అవే. కానీ అతను ఆ పిక్సెళ్ల మీద ఆధారపడి నిర్ణయించడు. పైన జూమ్ కెమెరాతో ఇంకో డ్రోన్ చాలాసేపటి నుంచి చూస్తూ ఉంటుంది, "రెండో చెట్ల వరుస దాటాక ఎడమ పక్క" అని రేడియోలో చెబుతారు. ఆ బండి ఎటు నుంచి వచ్చిందో ముందే తెలుసు. గుర్తింపు అక్కడ అయిపోయింది. అందుకే లాక్ మాత్రమే చేసే ఏఐ బాగా పనికొస్తోంది, సొంతంగా ఎంచుకునే ఏఐ తడబడుతోంది. పని చిన్నదైన చోట యంత్రం గట్టిది.

మోడల్ ఎలా నేర్చుకుంటుందో కూడా చెప్పాలి. పిండి కొద్దీ రొట్టె. ఉక్రెయిన్‌లో ఓచీ అనే వ్యవస్థ 15,000కు పైగా డ్రోన్ బృందాల వీడియోలను ఒక చోటికి చేరుస్తుంది. 2022 నుంచి 2024 చివరికి 20 లక్షల గంటలు పోగయ్యాయి. ఇది తక్కువ పిండేం కాదు. అయినా పిండిలో లేని రుచి రొట్టెలో రాదు. అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా ఒక నిఘా రోబోకి నడిచే మనుషులను గుర్తుపట్టడం నేర్పి, దాన్ని దాటి రమ్మని ఎనిమిది మంది మెరైన్లకు చెప్పింది. ఇద్దరు 300 మీటర్లు పిల్లిమొగ్గలు వేసుకుంటూ వచ్చారు. ఇద్దరు అట్టపెట్టె కప్పుకుని లోపల నవ్వుకుంటూ వచ్చారు. ఒకడు చెట్టు కొమ్మలు కట్టుకున్నాడు. ఒక్కరినీ పట్టలేదు. దానికి నేర్పింది నడిచే మనిషిని, పెట్టెను కాదు.

2023లో రష్యన్లు ఎంగెల్స్ స్థావరంలో టీయూ-95 బాంబర్ల రెక్కల మీద కారు టైర్లు పరిచినప్పుడు జనం నవ్వారు. ఏడాది తర్వాత అమెరికా సెంట్రల్ కమాండ్ సాంకేతిక అధికారి ఒకరు విడమరిచి చెప్పారు: రెక్క మీద టైర్లు ఉంటే బొమ్మలను గుర్తుపట్టే చాలా ఏఐ మోడళ్లు అది విమానమని పోల్చుకోలేక తికమకపడతాయని. పాత టైర్లకు ఖర్చెంత? 2025 జూన్ 1న ఉక్రెయిన్ "సాలెగూడు" దాడిలో 117 డ్రోన్లను లారీల మీది చెక్క క్యాబిన్ల పైకప్పుల కింద దాచి రష్యా లోపలి స్థావరాల దాకా తీసుకెళ్లింది. అక్కడ విమానం నిలిపి ఉంటుంది, కదలదు, ఆకారం ముందే తెలుసు. యంత్రానికి అంతకంటే తేలిక పరీక్ష ఉండదు. అయినా సిగ్నల్ ఉన్నంతసేపు మనుషులే నడిపారు.

నిలకడగా ఉన్న నేలను పోల్చుకోవడంలో మాత్రం ఏఐ నిజంగా పైకొస్తోంది. జీపీఎస్ జామ్ అయినప్పుడు కింద కనబడే పొలాల గట్లు, రోడ్ల మలుపులు ముందే ఎక్కించిన పటంతో సరిచూసుకుంటూ దారి పట్టడం. 2025లో ఉక్రెయిన్ సైనిక నిఘా విభాగం విప్పి చూపిన రష్యా వీ2యూ డ్రోన్‌లో ఇందుకోసం ఎన్విడియా జెట్సన్ ఓరిన్ చిప్పు ఉంది. మంచు కురిసి పొలాల గట్లు కప్పేసినప్పుడు ఏమవుతుందో ఊహించుకోండి.

నాలుగోకన్ను:

లావెండర్, మేవెన్ అడిగారు కాబట్టి. అవి ఈ సరుకు కాదు. డ్రోన్ మీది ఏఐ ఆఖరి పది సెకన్లది. ఇవి అంతకు గంటలు, రోజుల ముందు ఆఫీసు బల్ల మీద నడిచేవి: వేల వీడియోలు, ఉపగ్రహ చిత్రాలు, ఫోన్ వివరాల్లోంచి "ఇది చూడండి" అని ఎత్తి చూపడం.

మేవెన్ 2017 ఏప్రిల్‌లో డ్రోన్ వీడియోలు చూసి చూసి కళ్లు కాయలు కాస్తున్న విశ్లేషకుల కోసం మొదలైంది. ఉద్యోగులు వేలల్లో సంతకాలు పెట్టడంతో 2018లో గూగుల్ తప్పుకుంది, ఇప్పుడు ప్రధాన కాంట్రాక్టు పాలంటీర్ కంపెనీది. 2003లో ఇరాక్ మీద దాడిలో సుమారు 2,000 మంది చేసిన గురి ఎంపిక పనిని అమెరికా సైన్యపు 18వ ఎయిర్‌బోర్న్ కోర్ విన్యాసాల్లో ఇరవై మందితో నడిపించారని జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయపు సీసెట్ అధ్యయనం. ఇదే కోర్ గురించి బ్లూమ్‌బెర్గ్ 2024లో రాసిన అంకె పక్కన పెట్టి చూడండి: ట్యాంకును మనుషులు 84 శాతం సార్లు సరిగ్గా గుర్తిస్తే, మేవెన్ 60 దరిదాపుల్లో. మంచు పడిన రోజు 30 కంటే కిందికి పడిపోతుంది. మనుషులు వందో వంతు, కంటిచూపు తక్కువ.

తప్పు ఎక్కడ పుడుతుందో ఒక ఉత్తుత్తి లెక్కలో చూపిస్తా. 10,000 బండ్ల బొమ్మలున్నాయి, అందులో సైన్యానివి 100. మోడల్ సైనిక బండ్లలో 90 శాతం పట్టుకుంటుంది, మామూలు బండ్లను 5 శాతం సార్లే పొరపాటు పడుతుంది. వినడానికి భేషుగ్గా ఉంది కదా. పట్టుకున్నవి 90, పొరపాటున ఎత్తి చూపినవి 9,900లో 5 శాతం, అంటే 495. మొత్తం 585 హెచ్చరికల్లో నిజమైనవి 15 శాతం. కొండను తవ్వి ఎలుకను పట్టడమే. ఒక్కోదానికి ఐదు నిమిషాలు కేటాయిస్తే ఒక మనిషికి 48 గంటల పైచిలుకు. ఇరవై సెకన్లు ఇస్తే మూడుంపావు గంటలు. పైనుంచి "ఇంకా ఎన్ని గురులు" అని ఒత్తిడి వచ్చినప్పుడు ఏది ఎంచుకుంటారో తెలిసిందే.

ఇరవై సెకన్లు నేను కల్పించింది కాదు. 2024 ఏప్రిల్‌లో +972 పత్రిక ఇజ్రాయెల్ నిఘా అధికారుల మాటలతో రాసిన కథనంలోది. ఆ కథనం ప్రకారం లావెండర్ ఒక దశలో 37,000 మంది పాలస్తీనీయులను అనుమానితులుగా గుర్తించింది, పదింట్లో ఒకటి తప్పని లోపల వాళ్లకే తెలుసు, అయినా మనిషి చేసిన తనిఖీ కొన్నిసార్లు ఆ వ్యక్తి మగవాడేనా అని చూసుకోవడం వరకే. ఇజ్రాయెల్ సైన్యం కాదంది, అది వివరాలు సరిచూసుకునే డేటాబేసే తప్ప జాబితా కాదంది. కథనంలోని అంకెలే తీసుకుంటే 37,000లో పదో వంతు 3,700 మంది.

"ఏఐ తప్పు చేసింది" అనే మాట ఇక్కడ అతకదు. పది శాతం తప్పు ముందే తెలిసిన పరికరానికి ఇరవై సెకన్ల తనిఖీ ఎవరో మనుషులు నిర్ణయించారు. పరికరం కంటే ఆ నిర్ణయం పెద్దది.

మనిషి ఉన్నాడు కదా అనే ధీమా మీద కూడా పాత కేసొకటి ఉంది. 2003 మార్చి 23న కువైట్ సరిహద్దు దగ్గర అమెరికా పేట్రియట్ క్షిపణి వ్యవస్థ, తిరిగొస్తున్న బ్రిటన్ టోర్నడో విమానాన్ని కూల్చేసింది, అందులోని ఇద్దరూ చనిపోయారు. విమానం పడుతున్న కోణం, వేగం చూసి కంప్యూటర్ దాన్ని రాడార్‌ను వెతికి కొట్టే శత్రు క్షిపణిగా జమకట్టింది. విమానపు స్నేహ గుర్తింపు సంకేతం అందలేదు. సిబ్బందికి తేల్చుకోవడానికి ఉన్నది సుమారు ఒక నిమిషం. బటన్ మనిషి చేతిలోనే ఉంది. పది రోజులకే ఏప్రిల్ 2న అమెరికా నౌకాదళ హార్నెట్ విమానం కూడా ఇలాగే పోయింది. అప్పుడు న్యూరల్ నెట్‌వర్క్‌లు లేవు, మామూలు నియమాల పట్టికే. తెర మీద "క్షిపణి" అని రాసి ఉంటే నిమిషంలో దాన్ని ఎదిరించి "కాదు" అనడానికి సిబ్బంది దగ్గర ఇంకో ఆధారం ఉండాలి. వాళ్ల దగ్గర లేదు.

గనిగట్టు:

మన దగ్గర ఏముంది అన్నదానికి చిన్నగా.

"లాక్ చేసి వదిలెయ్" విద్య హైదరాబాద్‌కి కొత్త కాదు. అక్కడి డీఆర్‌డీఓ ప్రయోగశాల డీఆర్‌డీఎల్ చేసిన ట్యాంకులను కొట్టే నాగ్ క్షిపణి వేడి బొమ్మను పట్టుకుని వదిలాక సొంతంగా వెళ్తుంది, 4 కిలోమీటర్ల శ్రేణి. ట్యాంకు ధర ముందు పర్లేదు గానీ ఎఫ్‌పీవీతో పోల్చే ధర కాదు. దాని కథలో పై చర్చకు పనికొచ్చే ముక్క ఒకటుంది. రాజస్థాన్ ఎండాకాలం పరీక్షల్లో రెండున్నర కిలోమీటర్లు దాటితే సీకర్ (గురిని చూసి పట్టే క్షిపణి కన్ను) తడబడింది. ఇసుక కూడా ట్యాంకంత వేడెక్కితే బొమ్మలో తేడా ఏది? సీకర్ మెరుగుపరిచి, 2020 అక్టోబర్ 22న పోఖ్రాన్‌లో ఆఖరి వినియోగ పరీక్ష పూర్తిచేశారు. మంచులో మేవెన్‌ది, ఎండలో నాగ్‌ది ఒకే జబ్బు.

కర్నూలు జిల్లాలోని డీఆర్‌డీఓ పరీక్షా స్థలిలో 2025లోనే రెండు జరిగాయి. ఏప్రిల్ 13న 30 కిలోవాట్ల లేజర్‌తో డ్రోన్లను కూల్చి చూశారు. జులై 25న డ్రోన్ మీంచి వదిలే యూఎల్‌పీజీఎం-వీ3 క్షిపణిని పరీక్షించారు. వార్తల్లో ఎక్కువ వినబడే ఆకాశ్‌తీర్, బీఈఎల్‌కి 2023 మార్చిలో 1,982 కోట్లకు ఇచ్చిన కాంట్రాక్టు, 2025 మేలో పనిలోకి దిగింది. దాన్ని "ఏఐ గొడుగు" అని రాసేస్తున్నారు. ప్రధానంగా అది చేసేది వేర్వేరు రాడార్లు చూపే చుక్కలను కలిపి ఒకే పటంగా ఇవ్వడం, ఒకే విమానాన్ని మూడు రాడార్లు చూస్తే మూడుగా లెక్కపెట్టకుండా చూడడం, ఏ తుపాకీకి ఏది దగ్గరో చెప్పడం. పేట్రియట్ కేసు చదివాక ఇది చిన్న పనేం కాదని అర్థమవుతుంది.

చట్టం వైపు: 2023 డిసెంబర్‌లో స్వయంచాలక ఆయుధాలపై ఐరాస సర్వసభ్య సభ తీర్మానానికి 152 దేశాలు ఓటేస్తే, వ్యతిరేకించిన నాలుగింట్లో రష్యా, బెలారుస్, మాలీలతో పాటు మనమూ ఉన్నాం. జెనీవాలో ఇప్పటికే నడుస్తున్న చర్చలే సరైన వేదిక అని మన వాదన. స్వయంచాలక ఆయుధాలపై అమెరికా రక్షణ శాఖ 3000.09 ఆదేశంలో కూడా ప్రతి దాడికీ మనిషి బటన్ నొక్కాలని లేదు, "తగినంత మానవ విచక్షణ" ఉండాలని మాత్రమే ఉంది. తగినంత అంటే ఎన్ని సెకన్లో రాయలేదు.

లంకతోట:

ఇంత వస్తుందనుకోలేదు. ఆఖరిది ఒకటి. లాక్ చేశాక పైలట్ మనసు మార్చుకుంటే? అప్పుడే బడి పిల్లల బస్సు అడ్డం వచ్చిందనుకోండి.

సిగ్నల్‌కట్:

లింకు ఉన్నంతసేపు లాక్ వదిలెయ్యొచ్చు, స్టిక్ చేతిలోకి తీసుకుని పక్కకు తిప్పొచ్చు. లింకు పోయిన క్షణం నుంచి ఏం చెయ్యలేరు. 300 మీటర్ల దగ్గర జామర్ పట్టేసిందంటే పిక్సెల్‌లెక్క గారి వేగంతో దాదాపు 11 సెకన్లు డ్రోన్ ఎవరి మాటా వినదు. ట్రాకర్ బస్సును అడ్డుగా చూస్తుందా, గురిగా పట్టుకుంటుందా అన్నది రంగు, సైజు పోలికల మీద ఆధారపడి ఉంటుంది.

ఏఐ వల్ల గురి తగిలే రేటు 10–20 శాతం నుంచి 70–80కి పెరుగుతుందని అమెరికా అధ్యయన సంస్థ సీఎస్ఐఎస్ 2025 మార్చి నివేదికలో ఉంది, చాలామంది ఎత్తి రాస్తారు. ఆ లెక్క డబ్బా గీసినదాన్ని చేరిందా లేదా అన్నది. డబ్బా సరైనదాని చుట్టే గీశారా అన్నది ఆ లెక్కలోకి రాదు. అదే నివేదిక ప్రకారం 2024లో ఉక్రెయిన్ కొన్న సుమారు 20 లక్షల డ్రోన్లలో ఏఐ ఉన్నవి 10,000 మాత్రమే.

మీ మొదటి ప్రశ్నకు మిగిలిన సగం జవాబు ఇక్కడుంది. తీగ డ్రోన్‌లో ఆ 11 సెకన్లు పైలట్‌వే. నేలకు మీటరు ఎత్తులో ఉన్నా బొమ్మ వస్తుంది, పక్కకు తిప్పి పొలంలో పడెయ్యొచ్చు. తీగ తెగకపోతే.